సమస్యాపూరణం: "నిర్మలమ్ము చెడిన నిమ్మళమ్ము"

నిర్వాహకుడు, హనుమకొండ:
మొన్న అమ్మ జరం తగ్గి లేచి కూర్చుంటే పక్కింటామె వచ్చి "పానం నిమ్మళమైందా?" అని అడిగింది. సమస్య అక్కడే దొరికింది. ఆటవెలది నాలుగో పాదం ఇది, మిగతా మూడు పాదాలు మీరు కట్టి అర్థం కుదర్చాలి. నిర్మలం చెడితే నిమ్మళం, అంటే కుదుటపడటం, ఎట్లా అవుతుంది? పూరించండి.

సభ్యుడు, పరకాల:
రేఫ జారిపోయి, రెండాయెను మకార
మంత మాట మారె మనది యయ్యె
దోసమేమి లేదు తొలిమాట రూపమే
నిర్మలమ్ము చెడిన నిమ్మళమ్ము

నిర్వాహకుడు:
రేఫ, అంటే ర అక్షరం, జారితే చెడింది గుణం కాదు, శబ్దం అన్నారు. నేను కోరుకున్న విరుపు ఇదే. ధర్మం ధమ్మమైన దారిలోనే సంస్కృత నిర్మల ప్రాకృతంలో నిమ్మల అయింది, మన నోట నిమ్మళమైంది. ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉన్న మన ఉత్తర తెలంగాణకు బౌద్ధులు వాడిన ఆ ప్రాకృతం పరాయిది కాదు. ఇంత దూరం నడిచొచ్చిన మాటను మోటుమాట అంటే నాకు బాధేస్తుంది.

సభ్యురాలు, హనుమకొండ:
పద్మాక్షి గుట్ట కాడ సద్దుల బతుకమ్మ తలచుకొని రాసిన.

పూలు తేలి, చెరువు పుప్పొడిమయముగా
నీరు కలగెగాని, నెలత మదికి
పాట పాడి నేడు బతుకమ్మ నంపగా
నిర్మలమ్ము చెడిన నిమ్మళమ్ము

నిర్వాహకుడు:
అక్కా, మూడో పాదం చదువుతుంటే చప్పట్లు వినబడ్డయి. "నెలత" (స్త్రీ) ఒక్కటే కావ్యాల్లోంచి వచ్చి పడింది. "నీరు కలగెగాని నిండె మనసు" అంటే యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం జోడు కుదరడం) నిలుస్తుంది, బతుకమ్మ ఆడినవాళ్లందరి మనసూ అవుతుంది.

సభ్యురాలు:
మంచిగుంది సార్, మార్చుకుంట.

సభ్యుడు, ములుగు:
శాంతి యనిన మాట పల్లెలో వినరాదు,
నీళ్లు కుండ నిలువ నిమ్మళించు;
మరల తేరుకొనును మనసైన నీరైన
నిర్మలమ్ము చెడిన నిమ్మళమ్ము

నిర్వాహకుడు:
తమ్ముడూ, మొదటి పాదంలో గణాలు సరిపోయినయి, శా-ప యతి కుదరలేదు. విషయం కూడా సరికాదు. గ్రహశాంతి చేయించని ఊరుందా? శాంతికి మూలం శమ్ ధాతువు, అణగడం. పోటెత్తింది తగ్గితే శాంతి. అందుకే ఆ మాట పూజల్లో కుదురుకుంది. "శాంతి యనిన మాట జపతపంబుల కాయె" అని చూడు, రెండూ తీరుతయి.

మూడో పాదం మాత్రం ముట్టుకోకు. బురద అడుగుకు దిగి నీళ్లు తేరుకున్నట్టే జరం తగ్గిన మనిషీ తేరుకుంటడు. నిర్మలంలో ఉన్న తేటదనం నిమ్మళంలో ఇంకా ఉందని ఆ ఒక్క క్రియతో పట్టుకున్నవు.

సభ్యుడు, ములుగు:
మా నాయినమ్మ కడవ దించి "జర తేరనియ్యి, అప్పుడు ముంచు" అనేది సార్. ఆ పాదం ఆమెదే.