అప్‌డేట్: కాశీలో అస్సీ నుంచి పంచగంగ ఘాట్ వరకు అమ్మతో నడిచాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మను కాశీలో అస్సీ ఘాట్ నుంచి పంచగంగ ఘాట్ వరకు నడిపించగలనా అని అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. పైనున్న సందుల్లోకి ఎక్కకుండా, గంగను కుడిచేతి వైపు ఉంచుకొని, తెల్లవారగానే ఒడ్డు వెంబడే సాగమన్న సలహాయే మాకు పనికివచ్చింది. లేత ఎండలో ఎరుపు, తెలుపు చారల కేదారేశ్వరాలయం గోడను చూస్తూ అమ్మ ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయింది. మణికర్ణిక దగ్గర కట్టెల మోపుల మధ్య దారి ఇరుకు కాబట్టి పెద్దవాళ్ల చేయి పట్టుకోవాలి. ఘాట్ల పేర్లు గోడల మీదే రాసి ఉన్నందున ఫోన్‌లో మ్యాప్ అవసరం రాలేదు. మేము మాఘంలో వెళ్లాం. వానాకాలంలో వరదకు మెట్లు మునిగి ఈ దారి తెగిపోతుంది.