మూడడుగుల కాగితపు పిచ్చుకను సన్నని కాళ్ల మీద నిలబెట్టడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. తోటలోకి వచ్చే పిట్టలను అసలు పరిమాణానికి ఆరు రెట్లు పెంచి పేపర్ మాషేతో చేయాలని పూనుకొని, ముందుగా మగ పిచ్చుకను ఎంచుకున్నాను. పిచ్చుక పొడవు సుమారు 15 సెంటీమీటర్లు కనుక, నా బొమ్మ ముక్కు కొన నుంచి తోక చివరి దాకా 90 సెంటీమీటర్లు వచ్చింది. పాత వార్తాపత్రికలను ఉండలుగా నలిపి, మాస్కింగ్ టేపుతో బిగించి ఒంటి ఆకారం తెచ్చి, దానిమీద మైదా జిగురులో తడిపిన కాగితపు ముక్కలను రెండే రోజుల్లో ఐదు పొరలుగా అతికించాను. నాలుగో రోజున పొట్ట కింద వేలితో నొక్కితే గుంట పడింది, పులిసిన వాసన కూడా వచ్చింది. రెండు తీగలను కాళ్లుగా పొట్టలో గుచ్చి నిలబెడితే బొమ్మ ముందుకు ఒరిగి, ముక్కు నేలకు తగిలింది. కాళ్లు లావుగా చేస్తే నిలుస్తుందేమో కానీ, అంత గుండ్రని ఒళ్లు అంత సన్నని కాళ్ల మీద నిలవడమే పిచ్చుక అందమని నా నమ్మకం. ఈ బొమ్మను కాపాడుకునే దారి ఉందా? ఈకల సంగతి కూడా ఎవరైనా వివరించగలరా?

సమాధానం 1:
బొమ్మను పారేయవద్దండి. పై పొర ఆరకముందే తర్వాతి పొర వేయడం వల్ల తడి లోపలి ఉండల్లోకి దిగి అక్కడే నిలిచిపోయింది. ఆ వాసన దానిదే. ముందుగా వీపు మీదుగా, పొట్ట కిందుగా ఒకే గీత గీసి, ఆ గీతకు అడ్డంగా అక్కడక్కడ పెన్సిలుతో చిన్న గుర్తులు పెట్టుకోండి. తర్వాత పదునైన కత్తితో గీత వెంట కోసి బొమ్మను రెండు డిప్పలుగా విడదీయండి. మళ్లీ కలిపేటప్పుడు ఆ గుర్తులే దారి చూపుతాయి. లోపలి ఉండలన్నీ తీసేసి, డిప్పలను జాలీ మీద బోర్లించి ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఎక్కడైనా నల్లని బూజు మచ్చలు కనిపిస్తే, రంగుతో కప్పకుండా ఆ మేరకు కోసి తీసేయడమే మంచిది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి డిప్పను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా నీరు ఆవిరవుతోందని అర్థం. ఇకమీదట ఒకసారికి ఒకటి రెండు పొరలకు మించి వేయకండి. ఒక పొరకు అచ్చు కాగితం, తర్వాతి దానికి తెల్ల కాగితం వాడితే ఎక్కడ ఖాళీ మిగిలిందో కంటికి తెలిసిపోతుంది. జిగురులో ఉప్పు కలపమని చాలామంది చెబుతారు, కానీ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక నేను దాన్ని మానేసి, నాలుగైదు చుక్కల లవంగ నూనె వేస్తున్నాను.

సమాధానం 2:
కాళ్ల గురించి నేను చెబుతాను, ఎందుకంటే నా మొదటి పిగిలిపిట్ట కూడా ఇలాగే ముక్కు మీద పడింది. కొలతలు ఆరు రెట్లు పెరిగితే ఘనపరిమాణం 216 రెట్లు పెరుగుతుంది. కాబట్టి ఒళ్లు బోలుగా లేకపోతే సన్నని కాళ్లు ఆ బరువును మోయలేవు. అయితే మీ బొమ్మ ఒరగడానికి బరువు ఒక్కటే కారణం కాదు. పిట్ట కాలిలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలును మనం మోకాలు అనుకుంటాం కానీ అది నిజానికి చీలమండ. అసలు మోకాలు ఈకల చాటున, ఇంకా ముందుకు ఉంటుంది. కాలు చీలమండ దాకా వెనక్కి వచ్చి, అక్కడి నుంచి మళ్లీ ముందుకు దిగుతుంది కనుకనే వేళ్లు సరిగ్గా బరువు కిందికి చేరతాయి. మీరు తీగను నిటారుగా, బహుశా కాస్త వెనకగా గుచ్చి ఉంటారు.

డిప్పలను తాత్కాలికంగా టేపుతో కలిపి, ఒక గుండ్రటి కర్ర మీద అడ్డంగా ఆనించి, ముందుకూ వెనక్కూ జరుపుతూ ఎక్కడ తూగుతుందో అక్కడ గుర్తు పెట్టండి. వేళ్ల నడిమి భాగం ఆ గుర్తుకు సూటిగా కిందికి రావాలి. కాళ్లకు తీగ చాలదు, 6 మిల్లీమీటర్ల ఇనుప చువ్వ కావాలి. దాన్ని చీలమండ దగ్గర వంచి, పై కొనను ఒంటి లోపల నిలువునా అమర్చిన ప్లైవుడ్ పలకకు బిగించి, కింది కొనను పీటకు పెట్టిన రంధ్రంలోంచి దించి అడుగున మడవండి. నిజమైన పిచ్చుక కాలు 2 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కనుక మీ బొమ్మకు 12 దాకా లావు చెల్లుతుంది. చువ్వ మీద టేపు, కాగితం చుట్టినా కాలు సన్నగానే కనిపిస్తుంది. టేపు చుట్టకుండా తడి కాగితం వేస్తే తుప్పు మరకలు పైకి తేలతాయి, జాగ్రత్త. వేళ్లు ముందుకు మూడు, వెనక్కి ఒకటి.

సమాధానం 3:
ఈకలను తోక నుంచి తలవైపుకు అతికించండి. పెంకుటింటి కప్పు చూరు దగ్గర మొదలై పైకి వెళ్లినట్టు, ప్రతి వరస కొన వెనక వరస మొదలును కప్పాలి. రెక్కలకు, తోకలోని 12 ఈకలకు మాత్రమే విడివిడిగా అట్ట కత్తిరించండి. తల, పొట్టల మీద పల్చని కాగితాన్ని చేత్తో చింపి అతికిస్తే చాలు, చిరిగిన అంచులోని నూగే మెత్తని ఈకలా కనిపిస్తుంది. ఒంటికంతా మెరుపు లేని వార్నిష్ వేసి, కంటికి మాత్రం మెరిసేది వేయండి. ఆ ఒక్క చుక్క వెలుగుతో పిట్ట మిమ్మల్నే చూస్తున్నట్టు ఉంటుంది. ఎంత వార్నిష్ వేసినా వానలో మాత్రం ఉంచకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న బొమ్మను కోశాను. నడిమి ఉండలను పిండితే నీళ్లు కారాయి. డిప్పల్లో మాత్రం బూజు లేదు. కర్ర మీద పెట్టి చూస్తే, నేను కాళ్లు గుచ్చిన చోటుకు నాలుగు వేళ్ల ముందు తూగింది. ఇవాళ కూడా చెంపకు చల్లగానే తగులుతోంది కనుక ఇంకో రెండు రోజులు ఆగి, అప్పుడు చువ్వలు వంచుతాను.