తూటాల మధ్య హెలికాప్టర్ సిబ్బంది జోకులు: ధైర్యమా, భయాన్ని దాచుకోవడమా?

పాత రేడియో:
1965 నవంబర్ 14, వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయ. ఎక్స్-రే అని పేరు పెట్టిన చిన్న ఖాళీ జాగాలో అమెరికన్ సైనికులు చిక్కుబడిపోయారు. కాల్పులు ఎక్కువగా ఉన్నాయని, గాయపడినవాళ్లను తీసుకెళ్లాల్సిన హెలికాప్టర్లు అక్కడ దిగలేదు. మేజర్ బ్రూస్ క్రాండల్, కెప్టెన్ ఎడ్ ఫ్రీమన్ తమ ఆయుధాల్లేని హ్యూయీ రకం హెలికాప్టర్లలో మళ్లీ మళ్లీ వెళ్లారు. మందుగుండు దించారు, గాయపడినవాళ్లను ఎక్కించుకొచ్చారు. ఫ్రీమన్ బాగా పొడగరి. మొదట్లో పైలట్ కావడానికి ఆ పొడవే అడ్డమైంది, అందుకని తోటివాళ్లు "టూ టాల్" అనేవారు. అలాంటి చోట కూడా ఒకరినొకరు ఆటపట్టించుకోగలిగారంటే అది ధైర్యంలో భాగమే అని నా నమ్మకం. మీరేమంటారు?

వానచినుకు:
చదువుతుంటేనే గుండె దడదడలాడింది. దండం పెట్టాలి అలాంటివాళ్లకి.

సార్జెంట్ గారబ్బాయి:
మీ పోస్టులో ఇద్దరి పేర్లే ఉన్నాయి. హ్యూయీలో మామూలుగా నలుగురు ఉంటారండి. ముందు ఇద్దరు పైలట్లు, వెనక హెలికాప్టర్ బాగోగులు చూసే క్రూ చీఫ్, తుపాకీ పట్టే గన్నర్. గాయపడినవాణ్ణి చంకల కింద చేతులేసి లోపలికి లాగేది వెనకవాళ్లే. ఇక జోకులంటారా, అది భయం. భయపడటం తప్పేమీ కాదు, కానీ దానికి ధైర్యమని పేరు పెట్టకండి.

లెక్కల మాస్టారు:
వెనక గన్నర్ ఉంటే "ఆయుధాల్లేని" అని ఎలా అంటారు?

పాత రేడియో:
మాస్టారూ, ఫ్రీమన్ పతకం పత్రంలోనే అలా ఉంది. రాకెట్లు కట్టిన దాడి హెలికాప్టర్ కాదని అర్థం.

లెక్కల మాస్టారు:
మరి ఒకాయన 22 సార్లు వెళ్లాడంటారు, అది ఫ్రీమనేనా?

పాత రేడియో:
22 క్రాండల్ వెళ్లినవి. ఫ్రీమన్‌వి 14. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఫ్రీమన్‌కి 2001లో, క్రాండల్‌కి 2007లో ఇచ్చారు. లెక్క తర్వాత చూద్దాం, అసలు విషయానికి రండి. అబ్బాయి గారూ, వియత్నాంలోనే గాయపడినవాళ్లను తెచ్చే అమెరికన్ హెలికాప్టర్ పైలట్ మేజర్ చార్లెస్ కెల్లీ సంగతి చూడండి. 1964 జూలై 1న గాయపడినవాళ్ల కోసం దిగాడు. కాల్పులు జరుగుతున్నాయి, వెళ్లిపొమ్మని రేడియోలో చెప్పారు. "మీ గాయపడినవాళ్లు ఎక్కాక వెళ్తా" అన్నాడు. ఆ వెంటనే తూటా తగిలి చనిపోయాడు. అంత తేలిగ్గా ఆ మాట అన్నవాడిది భయమా?

సార్జెంట్ గారబ్బాయి:
అది జోకు కాదు, జవాబు. రెండూ కలిపేస్తున్నారు. మన దగ్గరికే రండి. కార్గిల్ యుద్ధంలో 1999 మే 28న తోలోలింగ్ కొండ దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను క్షిపణితో కూల్చారు. నలుగురూ పోయారు. స్క్వాడ్రన్ లీడర్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్, సార్జెంట్ ప్రసాద్, సార్జెంట్ సాహు. ఇక్కడున్నవాళ్లలో ఆ చివరి రెండు పేర్లు ఎంతమందికి తెలుసు?

కృష్ణా తీరం:
నాకు తెలియదు. సిగ్గుగా ఉంది.

పాత రేడియో:
పేర్లు మర్చిపోయింది మనం. దానికి వాళ్ల నవ్వునెందుకు తప్పుపడతారు? దెబ్బలు తగిలి హెలికాప్టర్‌లో పడి ఉన్నవాడికి ఆ నవ్వు ఏమిటో మీకు తెలియదు. ఇంట్లో కూర్చుని రాయడం సులువు.

సార్జెంట్ గారబ్బాయి:
ఇంట్లో కూర్చునే రాస్తున్నా, ఎందుకంటే ఆ నవ్వు మా ఇంట్లోనే ఉండేది. మా నాన్న ఎంఐ-8లో ఫ్లైట్ ఇంజినీర్. 1987లో శాంతి సేనతో శ్రీలంక వెళ్లారు. సెలవుకొచ్చినప్పుడు అమ్మ అడిగితే "అక్కడ దోమలు ఎక్కువ, హెలికాప్టర్‌ని కూడా కుట్టాయి" అనేవారు. అందరం నవ్వేవాళ్లం. తూటా నేలరేకు చీల్చుకుని ఆయన కాలి పక్కనుంచి పోయిందని, ఆయన పోయిన పదకొండో రోజున వచ్చిన స్నేహితుడు చెబితే తెలిసింది. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆ రోటరు మోతకి ఆయనకు రెండు చెవులూ పోయాయి. డాక్టరు అడిగినప్పుడల్లా "మా ఆవిడ తిట్లు వినపడట్లేదు, హాయిగా ఉంది" అనేవారట. తర్వాత వైకల్య పింఛను కోసం ఆఫీసుకెళితే, సర్వీసులో ఉండగా చెవి బాధ చెప్పినట్టు ఫైల్లో ఒక్క ముక్క లేదన్నారు. ఎలా ఉంటుంది, అన్నిసార్లూ జోకే చెప్పాడు కదా! పైన ఎగిరేటప్పుడు నవ్వుకోండి, నేను వద్దనను. దిగాక కూడా నవ్వుతూనే ఉండాలని మీలాంటివాళ్లు చప్పట్లు కొడతారు చూడండి, అదీ నా బాధ.

వానచినుకు:
అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారండి?

పాత రేడియో:
బాబూ, ఇంట్లో కూర్చుని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. క్షమించు.

నేను పదాతి దళంలో చేశాను. 1990ల్లో కాశ్మీర్‌లో తొడలో తూటా దిగితే హెలికాప్టర్‌లోనే ఆసుపత్రికి తెచ్చారు. వెనక ఉన్నాయన ఒక చేత్తో నా కట్టు అదిమిపట్టి, చెవిలో నోరు పెట్టి అరుస్తూ దారంతా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. "నిద్రపోతే టికెట్ డబ్బులు వసూలు చేస్తా" అన్నాడు. నేను నిద్రపోలేదు. నవ్వు గురించి నా మాట ఇక్కడి నుంచి వచ్చింది, ఇయా డ్రాంగ్ నుంచి కాదు.

సార్జెంట్ గారబ్బాయి:
ఆయన పేరేమిటండి?

పాత రేడియో:
అడగలేదు. ఆ మోతలో అడిగే ఓపిక లేదు, తర్వాత తెలుసుకోనూ లేదు. నువ్వు మొదటి నుంచి అంటున్నది అదే కదా.

నాన్నగారితో ఎగిరిన పైలట్ ఎవరైనా ఉంటే రాతపూర్వకంగా సాక్ష్యం తీసుకో. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చేమో ఒక వకీలుని అడుగు. కాగితాలు రాయడంలో నేను సాయం చేస్తాను. కానీ జోకు సంగతిలో మాత్రం నా మాట మార్చుకోను.

సార్జెంట్ గారబ్బాయి:
నేనూ మార్చుకోనండి. ఆ స్నేహితుడి నంబరు అమ్మ దగ్గర ఉండాలి, అడుగుతాను.