గుర్తింపు పత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు: పింఛను ఎలా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. సెలవు రోజుల్లో మేం కొందరం ట్రాన్స్‌జెండర్ అక్కలకు దరఖాస్తులు నింపిపెడుతుంటాం. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం కింద కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం ఒక అక్కకు వచ్చింది. నెలకు 4000 రూపాయల ఎన్టీఆర్ భరోసా పింఛనుకు పోతే చిక్కంతా ఆధార్ దగ్గరే. అందులో ఇంకా పాత పేరు, పొట్టి క్రాఫు ఫొటో. కౌంటర్లో ఉన్నాయన ఆ ఫొటోను, ఈమె ముక్కుపుడకను మార్చి మార్చి చూసి, నలుగురిలో పాత పేరు పెట్టి గట్టిగా పిలిచాడట. ఇక ఆ మెట్లెక్కనంటోంది. నేనైనా ఎక్కను.

కర్నూలు, కడపల్లో ఈ పని చేయించినవాళ్లుంటే చెప్పండి. ఆధార్ మార్పుకు ఆ పత్రం ఒక్కటే చూపిస్తే ఒప్పుకున్నారా? బ్యాంకు పాస్‌బుక్ ముందు మార్చాలా, తర్వాతా? రేషన్ కార్డులో పేరు ఇంకా పుట్టింటి వాళ్లతోనే ఉంది, విడదీయడమెలా? అమ్మానాన్నల్ని తీసుకురమ్మంటే మాత్రం కుదరదు, వాళ్లతో మాటల్లేక ఏళ్లయింది.