పదేళ్ల బాబుకు చదవడం రావట్లేదు, డిస్లెక్సియా పరీక్ష ఎక్కడ చేయించాలి?

నమస్కారం అండి. మాది నల్గొండ దగ్గర పల్లె. మా బాబు ఐదో తరగతి. కథ చెప్తే ఒక్క ముక్క పోకుండా తిరిగి చెప్తాడు, కిరాణా కొట్టు లెక్క నోటితోనే చేసేస్తాడు. పుస్తకం ముందు పెడితే మాత్రం చెమటలు పడతాయి. 'వ'కీ 'ప'కీ తేడా పట్టలేడు, ఒత్తులు వదిలేస్తాడు. 'అన్నం' అని ఉంటే 'అనం' అంటాడు. ఇంగ్లీషులో బి, డి తారుమారు. కళ్లు, చెవులు చూపించాం, బాగానే ఉన్నాయన్నారు.

బడిలో బద్ధకమన్నారు. ఆ మాట నమ్మి నేనూ కొట్టాను. ఇప్పుడు తలచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. ఈమధ్య ఒక పిల్లల డాక్టరు గారు ఇది డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) కావచ్చు, పరీక్ష చేయించమన్నారు.

సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ) ఎవరైనా వెళ్లారా? అక్కడ ఈ పరీక్ష చేస్తారా, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలా? తెలుగు మీడియం పిల్లాడికి తెలుగులోనే చూస్తారా? నా పెద్ద టెన్షన్ అదే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఇదీ ఉందని తెలిసింది. సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో ఎక్కువ సమయం, రాసిపెట్టే మనిషి ఇస్తారట. పదో తరగతి దాకా ఆగకుండా ఇప్పటి నుంచే బడిని ఎలా అడగాలి?

ఇంట్లో ఇసుకలో అక్షరాలు దిద్దిస్తున్నాను, కొంచెం నయం. గుణింతాలు, ఒత్తులు మీ పిల్లలకు ఎలా పట్టుబడ్డాయో కాస్త వివరంగా చెప్పండి. సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ రాగలం.