ఆసామి సంతకం పెట్టకపోతే కౌలు రైతుకు అన్నదాత సుఖీభవ రాదా?

మిర్చి రైతు కొడుకు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లె. నాన్న 4 ఎకరాలు కౌలుకు చేస్తారు, సగం తేజా మిర్చి, సగం పత్తి. సొంతానికి సెంటు భూమి లేదు. మిర్చి చేనుకి ఎకరాకు 35 వేలు కౌలు, నాట్లు వేయకముందే కట్టాలి.

2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ (రైతులకు రాష్ట్రం ఇచ్చే పెట్టుబడి సాయం) మొదటి విడత 7 వేలు పడ్డాయి కదా, రాష్ట్రానివి 5 వేలు, పీఎం కిసాన్‌వి 2 వేలు. అవి హైదరాబాద్‌లో ఉండే ఆసామి, అంటే భూమి యజమాని ఖాతాలో పడ్డాయి. మనిషి మంచివారే, కానీ కౌలు కార్డు (ఆ చేను నాన్నే సాగు చేస్తున్నారని ప్రభుత్వం ఇచ్చే కార్డు) మాట ఎత్తితే మాత్రం ‘రేపు భూమి మీదంటే నేనేం చేయాలి’ అంటారు. 2021లో నల్ల తామరపురుగు వచ్చి పూతంతా రాలిపోయింది. ఆ ఏటి పురుగుమందుల కొట్టు బాకీకి నాన్న ఇంకా వడ్డీ కడుతున్నారు. చేలో నష్టం మాది, సాయం ఆయనది. ఇది నాకు మింగుడు పడటం లేదు. సంతకం లేకుండా దారేమైనా ఉందా?

ఆర్ఎస్‌కే ఉద్యోగి:
తమ్ముడూ, నేను రైతు సేవా కేంద్రంలో పనిచేస్తాను. కార్డుకైతే సంతకం లేకుండా దారి లేదు. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చినప్పుడు ఆసామి ఒప్పుకోలు ఇంతగా అడ్డం వచ్చేది కాదు. 2019 సాగుదారు హక్కుల చట్టం వచ్చాక ఒప్పంద పత్రం మీద ఆయన సంతకం తప్పనిసరైంది. కౌలు రైతు సంఘాలు మొదటి నుంచీ అడుగుతున్నది ఈ షరతు తీసేయమనే.

అయితే ఆ చట్టంలోనే మీ ఆసామి భయానికి జవాబుంది. కార్డు 11 నెలలకే చెల్లుతుంది. పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఒప్పంద పత్రం ఫోటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపండి, చదువుకోనివ్వండి. నోటిమాటగా చెబితే ఎవరూ నమ్మరు.

ఈ-క్రాప్, అంటే ప్రభుత్వ పంట నమోదు మాత్రం వదలొద్దు. సాగుదారుగా మీ నాన్న పేరే ఎక్కాలి, వేలిముద్ర ఆయనే వేయాలి. రేపు వానకు పత్తి తడిసినా, పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐకి అమ్మాలన్నా అడిగేది అదే. పేరు ఆసామిది ఎక్కితే పంట నష్టం డబ్బు కూడా అటే పోతుంది. మీ నాన్న ఖాతాకు ఆధార్, ఎన్‌పీసీఐ లింకు (సాయం డబ్బు నేరుగా ఖాతాలో పడటానికి కావాల్సినవి) ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూపించుకోండి.

తెనాలి వైపు ఆసామి:
మా పొలం కౌలుకిచ్చాం కాబట్టి ఆసామి వైపు మాట చెబుతాను. ఆ భయం ఊరికే పుట్టింది కాదండీ. 1956 కౌలుదారీ చట్టం పేరు చెప్పి పెద్దవాళ్లు మమ్మల్ని భయపెడుతూ వచ్చారు. రెండోది, చాలామంది పాస్‌బుక్ పెట్టి పంట రుణం తెచ్చుకుని ఉంటారు. కౌలుదారు అదే సర్వే నంబరు మీద బ్యాంకుకు వెళితే గొడవవుతుందని జంకుతారు. మీ ఆసామిని ముందు ఈ రుణం సంగతి అడగండి. నేను మా వీఆర్వో దగ్గర కూర్చుని పత్రం చదువుకున్నాకే సంతకం పెట్టాను. భూమికి ఏమీ కాలేదు.

దుగ్గిరాల పసుపు:
ఒకప్పుడు, అన్నదాత సుఖీభవకు ముందున్న రైతు భరోసా పథకంలో భూమి లేని కౌలు రైతుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే ఇచ్చేవారు. మేం ఓసీ కౌలుదార్లం, ఆ 13,500లో రూపాయి చూడలేదు. అన్నదాత సుఖీభవలో మాత్రం, కౌలు రైతుకు పీఎం కిసాన్ వర్తించదు గనుక ఏడాదికిచ్చే 20 వేలూ రాష్ట్రమే ఇస్తానంది. కార్డు లేక అది పోగొట్టుకోకండి బాబూ. ఒక ఎకరా కోత కూలికైనా అక్కరకొస్తుంది.

మిర్చి రైతు కొడుకు:
అందరికీ ధన్యవాదాలు. రుణం సంగతి మాకు తట్టనే లేదు, బహుశా అదే అడ్డమేమో. ఇవాళే నాన్నను సచివాలయానికి తీసుకెళ్లి పత్రం తెచ్చుకుంటాను. ఈ-క్రాప్‌లో ఇప్పటికే ఆసామి పేరు ఎక్కి ఉంటే మార్పించుకోవడానికి ఎవరికి అర్జీ పెట్టాలి అన్నా?

ఆర్ఎస్‌కే ఉద్యోగి:
ముందు మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ని కలవండి. సామాజిక తనిఖీకి జాబితా పెట్టినప్పుడు అభ్యంతరం రాసివ్వండి. రాసిచ్చినదానికి నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.