అప్‌డేట్: నూరువరహాల ఆకుల పసుపు సంగతి

నూరువరహాల ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటున్నాయని, ఎంత ఎరువేసినా మార్పు లేదని అడిగాను కదా. మట్టి పరీక్ష చేయించమన్నవాళ్లకు చాలా థాంక్సండీ.

పీహెచ్ (మట్టి ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) 8.3 వచ్చింది, అంటే క్షార నేల. గుప్పెడు మట్టి మీద వెనిగర్ పోస్తే బుసబుసా పొంగింది, అంటే సున్నం బాగా ఉంది. మాది అనంతపురం, బోరు నీళ్లూ కఠినమే. ఇలాంటి నేలలో ఇనుము ఉన్నా కరగదు, వేళ్లకు అందదు, అందుకే ఆకులు పసుపెక్కాయి. నూరువరహాలకేమో ఆమ్ల నేల కావాలి.

ఇనుము నేలలో కరిగే ఉండేలా పట్టి ఉంచే మందులు కలిపి అమ్ముతారు. వాటిలో మామూలుగా దొరికే ఈడీటీఏ ఇనుము ఇంత పీహెచ్‌లో నిలవదు. అందుకే ఇంత పీహెచ్‌లోనూ నిలిచే ఈడీడీహెచ్‌ఏ రకం తెచ్చి మొక్క మొదలు దగ్గర పోశాను. నీళ్లలో కలపగానే ముదురెరుపు రంగు. పాత ఆకులు అలాగే ఉన్నాయి గానీ కొత్త చిగుళ్లన్నీ పచ్చగా వస్తున్నాయి, చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది!

గంధకం వేయమన్నారు కొందరు. ఇంత సున్నం ఉన్నచోట దాంతో పీహెచ్ దించడం కష్టం. మొక్కను ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, ఆకుల ఎరువు కలిపిన పెద్ద తొట్టిలోకి మారుస్తున్నా, వాన నీళ్లు పట్టి పోస్తా. ఖాళీ అయ్యే చోట దానిమ్మ, గన్నేరు పెడతా. వాటికి ఈ నేలతో పేచీ లేదు.